సవర బొమ్మను ఫోన్‌లో తీసి నలుగురికీ చూపాలంటే

శ్రీకాకుళం కొండల్లో సవర గిరిజనులు ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసే తెల్లబొమ్మలు ఇప్పుడు కాగితం మీదకీ, గుడ్డ మీదకీ వచ్చాయి.

ముందు గీసినవారిని అడగండి. ఎండ నేరుగా పడని అరుగు మీద బొమ్మను నిలబెట్టండి. ఫ్లాష్ వద్దు. రెండు మీటర్లు వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్ పెడితే అంచులు వంకరపోవు.

అసలు చిక్కు రంగుతోనే. ముదురు ఎరుపు ఎక్కువగా కనబడితే ఫోన్ ఫోటోలో వెలుగు పెంచేస్తుంది. బొమ్మలోని వేలెడంత మనుషుల చేతులూ కాళ్లూ తెల్లగా అలికేసినట్టు కలిసిపోతాయి. ఫోన్ తెర మీద తెల్లగీత కనబడే చోట వేలు నొక్కిపట్టి, అక్కడ వచ్చే సూర్యుడి గుర్తును కొంచెం కిందికి లాగండి. గీత గీతా విడిగా కనబడాలి.

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నాణ్యత తగ్గుతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. వేసినవారి పేరు, ఊరు, కొలత తప్పకుండా రాయండి. సంతకం కత్తిరించకండి.