క్రీమ్ విరిగిందా, రవ్వ కట్టిందా? ముందు ఎప్పుడు జరిగిందో చూడండి

ఇంట్లో తయారుచేసే సౌందర్య సాధనాల్లో క్రీమ్ విరిగితే, అంటే నూనె, నీళ్లు విడిపోతే, చాలామంది ఇంకొంచెం ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్ (నూనెనీ నీళ్లనీ కలిపి ఉంచే మైనం, ఒక ఎమల్సిఫైయర్) వేసి మళ్లీ వేడి చేస్తారు. జెల్ పలుచబడితే చిక్కబరిచే గమ్ ఇంకొంచెం వేస్తారు. కారణం తెలియకుండా వేసే ఆ "ఇంకొంచెం"తో బాగుపడే బ్యాచ్‌లు తక్కువ. అందుకే చెయ్యి పెట్టే ముందు ఒక్క సంగతి తేల్చుకోండి: తేడా ఎప్పుడు కనిపించింది? బీకరులో ఉండగానేనా, మర్నాటికా, నెల తర్వాతా, ఎండలో పార్సిల్ వెళ్లొచ్చాకా, చర్మానికి రాస్తున్నప్పుడా? దీనికి జవాబు దొరికితే కారణాల్లో సగం అక్కడే తేలిపోతాయి.

ఇంకో మాట. చెంచాల లెక్కతో చేసిన బ్యాచ్‌లో తప్పు ఎక్కడుందో ఎవరూ చెప్పలేరు. నీళ్లతో సహా ప్రతిదీ గ్రాముల్లో తూచి, శాతాల్లో రాసుకోవాలి. వేడి చేసేటప్పుడు ఆవిరైపోయిన నీటిని మళ్లీ తూచి పోయాలి. అలా పోయకపోతే ఒకే ఫార్ములా ఒకసారి చిక్కగా, ఇంకోసారి పలుచగా వస్తుంది.

కలిపిన గంటలోనే విరిగితే

ఇది ఎక్కువగా వేడి దగ్గర జరిగే పొరపాటు. నూనె భాగాన్ని 75 డిగ్రీలకు తెచ్చి, నీళ్లు 50 డిగ్రీల దగ్గరే ఉండగా పోస్తే, నూనె బిందువులు సరిగ్గా ఏర్పడకముందే మైనాలు గడ్డకట్టడం మొదలవుతుంది. రెండు భాగాలూ విడివిడిగా 70–75 డిగ్రీలకు వచ్చాకే కలపాలి. రెండో అనుమానం ఎమల్సిఫైయర్ మోతాదు. మామూలు ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్ అయితే నూనె భాగంలో 20–25 శాతం ఉండాలి. అంటే నూనె భాగం మొత్తం 20 గ్రాములైతే అందులో 4–5 గ్రాములు. మూడోది కలిపే తీరు. గరిటెతో తిప్పితే చాలదు, హ్యాండ్ బ్లెండర్ కావాలి. దాని బ్లేడు పైకి తేలకుండా చూసుకోండి. గాలి దూరితే క్రీమ్ చిక్కగా ఉన్నట్టే అనిపిస్తుంది, రెండు రోజుల్లో ఆ గాలి పోయి డబ్బా వెలితిగా కనిపిస్తుంది.

ప్రిజర్వేటివ్ (పాడవకుండా కాపాడేది), సెంటు, విటమిన్లు ఇంకా వేయలేదంటే ఆ బ్యాచ్‌ని కాపాడుకోవచ్చు. మొత్తాన్ని మళ్లీ 75 డిగ్రీలకు తెచ్చి, ఆగి ఆగి బ్లెండ్ చేసి, 40 డిగ్రీల లోపుకు దిగేదాకా నెమ్మదిగా కలుపుతూ ఉండండి. అవన్నీ వేసేశాక విరిగితే మాత్రం వదిలేయడమే మంచిది.

వేడి, మోతాదు, బ్లెండింగ్ మూడూ సరిగ్గానే ఉన్నా విరుగుతోందంటే విద్యుదావేశాలు చూడండి. కండిషనర్లలో వాడే బీటీఎమ్ఎస్ అనే ఎమల్సిఫైయర్ ధనావేశం ఉన్నది. నీళ్లను చిక్కబరిచే జాంతాన్ గమ్, కార్బోమర్ రుణావేశం ఉన్నవి. రెండూ ఒకే బీకరులో పడితే ఒకదాన్నొకటి పట్టుకుని ఉండలు కడతాయి. కండిషనర్ చిక్కబడాలంటే ఏ ఆవేశమూ లేని హైడ్రాక్సీఇథైల్ సెల్యులోజ్ అనే గమ్ వాడండి.

మర్నాటికి రవ్వరవ్వగా తగిలితే

ఒక రవ్వను చూపుడు వేలికీ బొటనవేలికీ మధ్య పెట్టి పదిసార్లు రుద్దండి. కరిగి నూనెలా మారితే అది షియా, కోకం, మామిడి వంటి బటర్ల గింజ. కరగకుండా జారిపోతూ జెల్లీ ముక్కలా తగిలితే సరిగ్గా నానని గమ్. కరగకుండా ఇసుకలా గరగరలాడితే నీళ్లలో కరిగి, చల్లారాక తిరిగి బయటపడిన పొడి.

బటర్ గింజ ఎలా వస్తుందో తెలుసుకోవడానికి మన నెయ్యి చూస్తే చాలు. నిదానంగా చల్లారిన నెయ్యి పూస కడుతుంది. నెయ్యిలో ఆ పూస కోరుకుంటాం, లిప్ బామ్‌లో కోరుకోం. బటర్‌లోని గట్టి కొవ్వులు మెత్తటి కొవ్వులకంటే ముందే, నిదానంగా పేరుకుని పెద్ద గింజలవుతాయి. బామ్‌ని మళ్లీ పూర్తిగా కరిగించి, బాణలి అడుగున ఒక్క ముక్క కూడా మిగలకుండా చూసి, డబ్బాల్లో పోసిన వెంటనే ఫ్రిజ్‌లో పెడితే గింజలు సన్నబడి వేలికి తెలియవు.

గమ్ ఉండలకు మందు గ్లిజరిన్. జాంతాన్‌ని నేరుగా నీళ్లలో చల్లకుండా ముందు గ్లిజరిన్‌లో పేస్టులా కలిపి, తర్వాత నీళ్లు పోయండి. ఇసుకలాంటి పొడికి ఎక్కువగా కారణం చర్మం మెత్తబడటానికి వేసే అల్లాంటోయిన్. మామూలు వేడిలో అది నీళ్లలో సుమారు అర శాతమే కరుగుతుంది. వేడి నీళ్లలో 1 శాతం కరిగిందని సంబరపడితే తెల్లారేసరికి సూదుల్లా బయటికొస్తుంది. మోతాదు తగ్గించడం తప్ప దీనికి వేరే దారి లేదు.

గట్టిగా ఉన్న జెల్ ఒక్కసారిగా నీళ్లయితే

ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. అద్దంలా మెరిసే కార్బోమర్ జెల్‌లో చిటికెడు ఉప్పు వేసి కలిపి చూడండి, కళ్ల ముందే జారిపోతుంది. కార్బోమర్ గొలుసులు రుణావేశాలతో ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విచ్చుకోవడం వల్లే జెల్ నిలబడుతుంది. ఉప్పులోని సోడియం అయాన్లు ఆ నెట్టుడును చల్లార్చేస్తాయి. దాంతో గొలుసులు ముడుచుకుపోతాయి.

మనం వంటింటి ఉప్పు వేయం. కానీ కలబంద రసంలో సహజంగానే లవణాలుంటాయి. తేమ కోసం వేసే సోడియం పీసీఏ, సోడియం లాక్టేట్ పేరులోనే సోడియం ఉంది. ఇక ప్రిజర్వేటివ్‌గా వేసే సోడియం బెంజోయేట్ రెండు వైపులా దెబ్బ తీస్తుంది. అది లవణం, పైగా పీహెచ్ 5 లోపు ఉంటేనే బాగా పనిచేస్తుంది. కార్బోమర్‌కేమో పీహెచ్ 6 చుట్టూ ఉండాలి. సోడియం బెంజోయేట్ కోసమని సిట్రిక్ యాసిడ్ వేసి పీహెచ్ దించగానే జెల్ కూలిపోతుంది. జెల్ కోసం పీహెచ్ పెంచితే ప్రిజర్వేటివ్ బలం పోతుంది. ఈ జోడీని సరిచేయాలని చూడకండి, మార్చేయండి. కార్బోమర్ కావాలంటే ప్రిజర్వేటివ్‌గా ఫినాక్సీఇథనాల్, ఇథైల్‌హెక్సైల్‌గ్లిజరిన్ మిశ్రమం వాడి, లవణాలు దూరం పెట్టండి. కలబందే ముఖ్యమంటే కార్బోమర్ వదిలేసి జాంతాన్‌కి రండి. కాస్త తీగ సాగుతుంది, అద్దంలా మెరవదు, కానీ లవణాలకు బెదరదు.

షాంపూలో కథ తిరగబడుతుంది. అక్కడ నురగనిచ్చే ఎస్ఎల్ఈఎస్ చిక్కబడటానికి ఉప్పే వేస్తాం. ఒక హద్దు దాకా చిక్కబడి, అది దాటగానే మళ్లీ పలుచబడుతుంది. పలుచబడిందని ఇంకా ఉప్పు పోయడం దండగ. ఉప్పు వేయని కొత్త బ్యాచ్‌ని కొంచెం కొంచెంగా కలిపి వెనక్కి తెచ్చుకోండి.

వారాలు గడిచాక

లోషన్ పైన తెల్లటి చిక్కటి పొర, అడుగున నీళ్లనీళ్లగా ఉందనుకోండి. ఊపితే కలిసిపోతోందంటే నూనె బిందువులు విరగలేదు, పైకి తేలాయంతే. బిందువులు పెద్దవిగా ఉన్నాయనో, నీటి భాగం మరీ పలుచగా ఉందనో అర్థం. ఎక్కువసేపు బ్లెండ్ చేసి, తర్వాతి బ్యాచ్‌లో 0.2–0.3 శాతం జాంతాన్ వేస్తే ఆగుతుంది. పైన పసుపు రంగు నూనె మెరుస్తూ కనిపిస్తే మాత్రం బిందువులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఆ డబ్బా ఇక తిరిగి రాదు, ఎమల్సిఫైయర్‌నే మళ్లీ ఆలోచించుకోవాలి.

పలుచబడటంతో పాటు పులిసిన వాసన వస్తున్నా, మూత తీస్తే బుస్సుమన్నా, బూజు చుక్కలు కనిపించినా అది సూక్ష్మజీవుల పని. ఇక్కడ నేను మొహమాటం లేకుండా చెబుతాను: పారేయండి. పైనుంచి ప్రిజర్వేటివ్ వేసి కాపాడాలని చూడకండి. అది పిల్లల ముఖాలకూ, కళ్ల దగ్గరా రాసుకునే వస్తువు. ఇంట్లో కోసిన కలబంద గుజ్జు, బియ్యం కడిగిన నీళ్లు, పెరుగు లాంటివి నిల్వ ఉండే క్రీముల్లో పనికిరావు. మన దేశంలో సౌందర్య సాధనాలు అమ్మకానికి తయారు చేయాలంటే కాస్మెటిక్స్ రూల్స్, 2020 ప్రకారం లైసెన్సు కూడా కావాలి.

ఎండలో వెళ్లొచ్చాక

మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో 45 డిగ్రీలు తాకే రోజులుంటాయి. కొరియర్ వ్యాన్ లోపల ఇంకా ఎక్కువే. షియా బటర్ అంతకు చాలా ముందే కరిగిపోతుంది. పగలు కరిగి, రాత్రి నిదానంగా గట్టిపడి, మీ దగ్గర నున్నగా ఉన్న బామ్ కొన్నవాళ్ల దగ్గరికి గింజలతో చేరుతుంది. తేనెమైనం 62–64 డిగ్రీల దాకా కరగదు కాబట్టి, వేసవి బ్యాచ్‌లలో దాని వాటా పెంచి, బటర్ తగ్గించండి.

రాస్తుంటే తేడా అనిపిస్తే

తెల్లగా నురగలా తేలి ఎంతకీ ఇంకకపోతే క్రీమ్‌కి చిక్కదనమిచ్చే సీటియరిల్ ఆల్కహాల్, స్టియరిక్ యాసిడ్ తగ్గించి, 1–2 శాతం డైమిథికోన్ (ఒక సిలికోన్ నూనె) వేయండి. వత్తులు వత్తులుగా రాలుతుంటే గమ్ ఎక్కువైంది, సగానికి తగ్గించి చూడండి.

ఫార్ములా కుదిరిందనుకున్నాక మూడు చిన్న డబ్బాలు తీయండి. ఒకటి బీరువాలో పెట్టండి. ఒకటి 40–45 డిగ్రీల వేడిలో ఉంచండి, పెరుగు తోడుపెట్టే ఎలక్ట్రిక్ మెషీన్ దీనికి సరిపోతుంది. ఇంకొకటి ఒక రోజు డీప్ ఫ్రీజర్‌లో, ఒక రోజు బయట, అలా మూడు విడతలు తిప్పండి. మొదటి రెండిటినీ మూడు నెలలపాటు, వారం వారం తీసి రంగు, వాసన, పీహెచ్, వేలికి తగిలే తీరు రాసుకోండి. ఆ డబ్బాల్లో సెంటు, రంగుతో సహా అమ్మే సరుకు ఎలా ఉంటుందో అలాగే ఉండాలి. ఆఖర్న వేసే అర శాతం సెంటు ఒక్కటే షాంపూని నీళ్లలా పలుచన చేసేయగలదు.