రెండు పూటలా తోముతున్నా పళ్లు ఎందుకు పాడవుతున్నాయి?

ఒకే పేస్టు వాడుతూ, ఒకేలా తోముకునే ఇద్దరిలో ఒకరికి ఏళ్ల తరబడి ఏమీ కాదు. ఇంకొకరికి డెంటిస్టు దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ కొత్త పుచ్చు బయటపడుతుంది. ఈ తేడా చాలాసార్లు ఉమ్మిలో, వాడే మందుల్లో, తినే వేళల్లో ఉంటుంది. అందుకే మీకు కనిపిస్తున్న లక్షణం పట్టుకుని కారణం వెతకండి.

సమస్య: తోముతున్నా కొత్త పుచ్చులు

ముందు తినే వేళలు చూడండి. తీపి ఎంత తిన్నారన్నదాని కన్నా ఎన్నిసార్లు తిన్నారన్నదే పంటికి ఎక్కువ హాని చేస్తుంది. తీపి తగలగానే నోట్లోని బ్యాక్టీరియా ఆమ్లం తయారుచేస్తుంది. పీహెచ్ (ఆమ్లం కొలత, ఇది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువని అర్థం) సుమారు 5.5 కన్నా తగ్గితే పంటి గట్టి పైపొర ఎనామిల్‌లోని ఖనిజాలు కరగడం మొదలవుతుంది. ఉమ్మి ఆ ఆమ్లాన్ని విరిచేయడానికి అరగంట నుంచి గంట పడుతుంది. తీపి పానీయాన్ని పక్కన పెట్టుకుని పొద్దంతా గుక్క గుక్కగా తాగేవారి పళ్లకు ఆ వ్యవధే దొరకదు.

రెండో కారణం నోరు ఎండిపోవడం. దీన్ని చాలామంది పట్టించుకోరు, నా దృష్టిలో మొదట అడగాల్సింది దీని గురించే. అలర్జీకి, డిప్రెషన్‌కి, బీపీకి వాడే కొన్ని మందులు ఉమ్మిని తగ్గిస్తాయి. నోటితో గాలి పీల్చినా నోరు ఎండుతుంది. పొడిగా ఉన్నది నీళ్లు లేకుండా మింగలేకపోవడం, రాత్రి నాలుక అంగిటికి అతుక్కుపోయి మెలకువ రావడం దీని గుర్తులు.

పరిష్కారం: తీపి ఏదైనా భోజనంతో పాటే తీసుకోండి, మధ్యలో నీళ్లు చాలు. చక్కెర లేని చూయింగ్ గమ్ నమిలితే ఉమ్మి ఊరుతుంది. మందులు మాత్రం సొంతంగా ఆపకండి, వేరే మందు కుదురుతుందేమో డాక్టర్ని అడగండి. పెద్దవాళ్లు వాడే పేస్టులో పుచ్చు పట్టకుండా కాపాడే ఫ్లోరైడ్ 1000 నుంచి 1500 పీపీఎం (పది లక్షల పాళ్లలో అన్ని పాళ్లు) ఉండాలి, ట్యూబు మీద రాసి ఉంటుంది. తోమాక నురగ ఉమ్మేసి ఊరుకోండి. వెంటనే నీళ్లతో పుక్కిలిస్తే ఆ ఫ్లోరైడ్ కాస్తా పోతుంది.

చిగురు అంచున సుద్దలాంటి తెల్ల మచ్చ కనిపిస్తే ఆలస్యం చేయకండి. అది గుంట పడకముందు దశ కావచ్చు. అప్పుడు చూపిస్తే ఫిల్లింగ్ లేకుండానే ఆపే వీలుంది.

సమస్య: తోమితే రక్తం

చిగురు అంచున పేరుకున్న పాచి వల్ల చిగురు వాస్తుంది. రక్తం చూసి భయపడి అక్కడ తోమడం మానేస్తే ఇంకా ముదురుతుంది. మెత్తటి బ్రష్‌తో అక్కడే నెమ్మదిగా తోమండి, పళ్ల సందులు ఫ్లాస్‌తో (సన్నటి దారం) శుభ్రం చేయండి. రెండు వారాల్లో తగ్గకపోతే పాచి గట్టిపడి గార కట్టి ఉండొచ్చు. గార బ్రష్‌కి రాదు, క్లీనింగ్ చేయించాల్సిందే.

షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ల జబ్బు పెరుగుతుంది, చిగుళ్ల జబ్బు ఉంటే షుగర్ అదుపు కష్టమవుతుంది. రెండూ కలిపి చూసుకోవాలి. పొగ తాగేవారు రక్తం రావడం లేదని ధీమాగా ఉండకండి. పొగ వల్ల చిగుళ్లలో రక్తప్రసారం తగ్గి, లోపల ఎముక అరుగుతున్నా పైకి తెలియదు.

సమస్య: చల్లటిది తగిలితే జివ్వుమనడం

గట్టిగా అడ్డంగా తోమడం, పుల్లటి పానీయాలు, తరచూ పుల్లటి తేన్పులు రావడం ముఖ్య కారణాలు. పుల్లటిది తాగాక కనీసం అరగంట ఆగి తోమండి. సెన్సిటివిటీ పేస్టు కొన్ని వారాలు వాడితేనే ఫలితం. ఒక్క పన్నే జివ్వుమంటుంటే పుచ్చో, పగులో ఉండొచ్చు, చూపించుకోండి.

సమస్య: పొద్దున లేవగానే దవడ నొప్పి

నిద్రలో పళ్లు కొరుకుతున్నారేమో. టెన్షన్‌తో ఇది పెరుగుతుంది. పళ్ల కొసలు చదునుగా అరిగాయేమో అద్దంలో చూడండి. డెంటిస్టు కొలత తీసి చేసిచ్చే నైట్ గార్డ్ (రాత్రి పళ్లకు పెట్టుకునే తొడుగు) పళ్లను అరగకుండా కాపాడుతుంది.

డెంటిస్టు దగ్గరికి వెళ్లేటప్పుడు వాడుతున్న మందులన్నీ కాగితం మీద రాసుకెళ్లండి. ముఖం వాచి జ్వరం వచ్చినా, మింగడం, నోరు తెరవడం, ఊపిరి తీసుకోవడం కష్టమైనా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.