వార్డులో సమస్య చెప్పుకునే వాళ్ళకు తోడు నిలవడం ఎలా

ఆసుపత్రిలో నోరు తెరవని వాళ్ళంతా పిరికివాళ్ళని అనుకోవద్దు. వాళ్ళు లెక్క వేసుకునే ఊరుకుంటారు. మాట బయటికొస్తే నెలంతా నైట్ డ్యూటీ వేస్తారేమో, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసు బీరువాలోనే ఉన్నాయే, ఏజెన్సీ సూపర్‌వైజర్ "రేపట్నుంచి రావద్దు" అంటే పిల్లల ఫీజు ఎట్లా కట్టేది? ఈ భయాల్లో ఒక్కటీ ఊహ కాదు. అందుకే "ధైర్యంగా చెప్పమ్మా" అని భుజం తట్టినంత మాత్రాన మన పని అయిపోదు. ఆ నష్టాల్ని ముందు మనం తగ్గించాలి, ఆ తర్వాతే ఆమెను మాట్లాడమనాలి.

నేను చిత్తూరులో స్టాఫ్ నర్సుగా మొదలుపెట్టాను. ఇప్పుడు తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సింగ్ సూపర్‌వైజర్‌ని. జూనియర్లు ఎవరి దగ్గరికొచ్చి "అక్కా, ఒక మాట" అంటారో, ఆ ఇన్‌చార్జ్ సిస్టర్ల కోసం, హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ల కోసం, సీనియర్ టెక్నీషియన్ల కోసం ఇది రాస్తున్నాను.

ఆ మాట నర్సింగ్ స్టేషన్ దగ్గర నిలబడి వినకండి. పక్కనే పేషంట్ తాలూకు వాళ్ళుంటారు, ఇంటర్‌కామ్ మోగుతుంటుంది. లినెన్ రూమో, డ్యూటీ రూమో చూసుకుని కూర్చోబెట్టండి. నైట్ చేసి వచ్చిన పిల్లయితే ముందు మంచినీళ్ళు, టిఫిన్ సంగతి చూడండి. "నువ్వెందుకు అక్కడికి వెళ్ళావు", "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు" అనే ప్రశ్నలు వద్దు. ఒక్కటే అడగండి: "ఇప్పుడు ఏం జరగాలని నీకుంది?" కొందరికి ఎవరితోనైనా చెప్పుకుంటే చాలు. కొందరికి ఆ పని ఆగితే చాలు. కొందరు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వడానికి సిద్ధపడే వస్తారు. ఆమె ఎందులో ఉందో తెలుసుకోకుండా మనమే ఆవేశపడి సూపరింటెండెంట్ గదికి పరుగెత్తితే, రేపు ఇబ్బంది పడేది ఆమే.

"ఎవరికీ చెప్పను" అని మాత్రం మాటివ్వకండి. మందుల మోతాదు తప్పు పడుతోందనో, వెంటిలేటర్ అలారం పని చేయడం లేదనో చెప్తే అది పేషంట్ ప్రాణానికి సంబంధించింది, మనం దాచలేం. "నీ పేరు లేకుండా ఎంతవరకు చెప్పొచ్చో అంతవరకే చెప్తాను, చెప్పేముందు నీకు చెప్తాను" అనండి. అన్నాక దానికి కట్టుబడండి.

తర్వాత కాగితం. మా ప్రాంతంలో దీన్ని ఎక్కువగా నిర్లక్ష్యం చేస్తాం, అన్నీ నోటిమాటతోనే నడిపిస్తాం. "స్టాఫ్ లేక చాలా ఇబ్బందిగా ఉంది, దయచేసి చూడగలరు" అని రాస్తే ఆ లెటర్ ఫైల్లో పడుకుంటుంది. ఇట్లా రాయించండి: "ఫలానా తేదీ రాత్రి మేల్ మెడికల్ వార్డులో 32 మంది పేషంట్లకు మేమిద్దరమే ఉన్నాము. 1.40కి 14వ బెడ్ పేషంట్‌కు ఆయాసం ఎక్కువైంది. ఒక సిస్టర్ అక్కడ ఉండగా మిగతా వార్డులో 2 గంటలకు ఇవ్వాల్సిన ఇంజెక్షన్లు 50 నిమిషాలు ఆలస్యమయ్యాయి. రాత్రికి మరో సిస్టర్‌ను వేయమని కోరుతున్నాము." తేదీ, టైము, చోటు, కళ్ళతో చూసింది, కావలసింది. ఎవరి మనసులో ఏముందో, ఎవరు కావాలని చేశారో రాయొద్దు. బ్రహ్మోత్సవాల రోజుల్లో సెలవులు రద్దయి, రద్దీ పెరిగినప్పుడు ఇలాంటి లెటర్ ముందే ఇచ్చి ఉంచడం మరీ మంచిది.

రెండు కాపీలు తీయించి, ఇన్‌వార్డ్ సెక్షన్‌లో (వచ్చే లెటర్లు తీసుకునే చోట) ఒకటి ఇచ్చి, రెండోదానిమీద తేదీతో సహా స్టాంప్, సంతకం వేయించుకోండి. వాళ్ళు తీసుకోకపోతే అదే లెటర్ ఆఫీసు ఈమెయిల్‌కు పంపండి. స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో మాత్రం ఒక్క ముక్క పెట్టొద్దు. స్క్రీన్‌షాట్ ఎవరెవరి చేతుల్లోకి వెళ్తుందో మనకు తెలియదు. కేస్ షీట్ ఫోటో తీసి సాక్ష్యంగా పెట్టడం ఇంకా ప్రమాదం. పేషంట్ వివరాలు బయటపెట్టారని ఆమె మీదే చర్య తీసుకుంటారు, అసలు విషయం పక్కకు పోతుంది. బెడ్ నంబరు, తేదీ రాస్తే సరిపోతుంది.

మా దగ్గర చాలామంది ఆయమ్మలకు ఇంట్లో మాట్లాడేది తమిళం. తెలుగు మాట్లాడతారు గానీ రాయలేరు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసి, తిరిగి చదివి వినిపించి, అప్పుడు సంతకమో వేలిముద్రో వేయించండి. మన పెద్ద పెద్ద మాటలు అందులో చొప్పించకండి. రేపు విచారణలో అడిగితే ఆమె తన మాటలే చెప్పగలుగుతుంది.

పదిమంది కలిసి లెటర్ ఇస్తున్నప్పుడు మొదటి సంతకం పర్మనెంట్ ఉద్యోగులది ఉండాలి, ఆ తర్వాత సీనియర్లది. ఔట్‌సోర్సింగ్ వాళ్ళను ముందు పెట్టి వెనకనుంచి నెట్టడం చాలాచోట్ల చూశాను. అది అన్యాయం. వాళ్ళ ఉద్యోగం ఒక్క ఫోన్‌కాల్‌తో పోతుంది. వాళ్ళు ఏ ఫిర్యాదు ఇచ్చే ముందైనా ఐడీ కార్డు, జీతం పడ్డ బ్యాంకు స్టేట్‌మెంటు, పీఎఫ్ ఖాతా నంబరు (యూఏఎన్), ఈఎస్ఐ నంబరు కాపీలు ఇంట్లో భద్రం చేసుకున్నారో లేదో మీరే అడగండి. నర్సులైతే ఒరిజినల్ సర్టిఫికెట్ల సంగతి చూడండి. వాటిని తాకట్టు వస్తువుల్లా పెట్టుకునే హక్కు ఏ ఆసుపత్రికీ లేదు. ఇవ్వమని రాతపూర్వకంగా అడగాలి. ఇవ్వకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళొచ్చు. ఆదాయంతో సంబంధం లేకుండా ఆడవాళ్ళందరికీ అక్కడ న్యాయసహాయం ఉచితం. ఫోన్ నంబరు 15100.

సూది గుచ్చుకున్న విషయం విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇందులో దాచిన ప్రతి గంటా ప్రమాదమే. తెల్లవారుజామున ఆయమ్మ ఆసుపత్రి వ్యర్థాల ఎర్ర సంచి మూతి కడుతుంటుంది. తెల్ల డబ్బాలో పడాల్సిన సూది ఎవరో సంచిలో వేసి ఉంటారు. గుచ్చుకుంటుంది. "గ్లవ్స్ ఎందుకు వేసుకోలేదు" అని తిడతారని చీర కొంగుతో తుడుచుకుని పని చేసుకుపోతుంది. మీకు తెలిసిన క్షణం నుంచి తిట్లు బంద్. సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో కడిగించండి. పిండి రక్తం తీయొద్దు, నోట్లో పెట్టుకోనివ్వొద్దు. వెంటనే డ్యూటీ డాక్టర్‌కు చూపించండి. హెచ్‌ఐవీ రాకుండా వేసే మందు అవసరమైతే 2 గంటల్లోపు మొదలుపెట్టడం మంచిది, 72 గంటలు దాటకూడదు. 28 రోజులు వాడాలి. హెపటైటిస్ బి టీకా పడిందో లేదో చూడండి. వ్యర్థాలు ఎత్తే సిబ్బందికి ఆ టీకా, ఏడాదికోసారి వైద్య పరీక్ష చేయించడం 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం ఆసుపత్రి బాధ్యత. హెచ్‌ఐవీ సోకే అవకాశమున్న పనిలో ఉన్నవాళ్ళకు ఆ మందు సమకూర్చాలని 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం కూడా చెప్తోంది. రిజిస్టర్‌లో ఎక్కించేటప్పుడు సూది సంచిలోకి ఎలా వచ్చిందో రాయండి. చెయ్యి అడ్డం పెట్టింది ఆమే అన్నట్టు రాయకండి.

లైంగిక వేధింపుల విషయంలో దారి వేరు. 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. సీనియర్ మహిళే అధ్యక్షురాలు, సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్ళు, బయటి నుంచి ఒకరు. కాంట్రాక్టు ఆయమ్మ అయినా, ట్రైనింగ్‌లో ఉన్న నర్సింగ్ స్టూడెంట్ అయినా ఇక్కడ ఫిర్యాదు ఇవ్వొచ్చు. గడువు 3 నెలలు. సరైన కారణముంటే కమిటీ మరో 3 నెలలు పెంచొచ్చు. ఆరు కాపీలు ఇవ్వాలి. రాయలేకపోతే రాయడానికి సాయం చేయాల్సింది కమిటీయే. విచారణ నడుస్తుండగా ఆమెనో, అవతలివాణ్నో వేరే చోటికి మార్చమని, లేదా 3 నెలల దాకా సెలవు ఇమ్మని అడిగే వీలుంది. ఆ రోజే అడగమని చెప్పండి. "ఆడపిల్లవి, రాజీ పడితే మంచిది" అని పెద్దమనుషులు బయల్దేరతారు. ఆమె కోరితే తప్ప రాజీ లేదు, డబ్బుతో రాజీ అసలే లేదు. కమిటీ సభ్యుల పేర్లు మీ ఆసుపత్రిలో ఎక్కడ అంటించారో ఈ రోజే వెతికి చూడండి. కనబడకపోతే మీ మొదటి లెటర్ దాని గురించే ఇవ్వండి.

పేషంట్ తాలూకు వాళ్ళు చెయ్యి చేసుకుంటే, "మనకెందుకులే స్టేషన్ గొడవ" అనే మాట రానివ్వొద్దు. ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచి ప్రత్యేక చట్టముంది: 3 ఏళ్ళ దాకా జైలు, 50 వేల దాకా జరిమానా, బెయిలు దొరకని నేరం. కేసు పెట్టే భారం దెబ్బ తిన్న పిల్ల మీద పడకూడదు, ఆసుపత్రి తరఫునే పెట్టాలి. కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న డాక్టర్‌పై అత్యాచారం, హత్య జరిగిన తర్వాత 2024 ఆగస్టులో కేంద్ర ఆరోగ్య శాఖ తన ఆసుపత్రులకు 6 గంటల్లోపు ఎఫ్ఐఆర్ పెట్టాలని, ఆ బాధ్యత సంస్థ అధిపతిదేనని చెప్పింది. ఆ గడువునే మీ మేనేజ్‌మెంట్ ముందు పెట్టండి.

ఫిర్యాదు ఇచ్చాక మన పని సగమే అయినట్టు. ఇచ్చే ముందు రెండు నెలల డ్యూటీ రోస్టర్ ఫోటోలు తీసి ఉంచండి, తర్వాత వచ్చేవి కూడా. ఉన్నట్టుండి నైట్‌లు పెరిగినా, రోజుకో వార్డుకు తిప్పినా, పాత ఆలస్యాలకు మెమోలు మొదలైనా ఆ ఫోటోలే మాట్లాడతాయి. మెమో వస్తే గడువులోపల రాతపూర్వకంగా జవాబు ఇప్పించండి. మీటింగ్‌కు పిలిస్తే ఒంటరిగా పంపకండి. అది ముగిశాక ఎవరు ఏమన్నారో ఆ సాయంత్రమే ఇద్దరూ కూర్చుని రాసుకోండి. ఆసుపత్రిలో ఎవరూ పట్టించుకోకపోతే, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు అర్జీతో వెళ్ళి రశీదు తీసుకోండి. జిల్లాలు 2022 ఏప్రిల్‌లో విడిపోయాయి కాబట్టి ఆసుపత్రి ఉన్న చోటును బట్టి వెళ్ళాలి. శ్రీకాళహస్తిలో పనిచేసేవాళ్ళు తిరుపతికి, కుప్పంలో పనిచేసేవాళ్ళు చిత్తూరుకు.

అంతర్గత కమిటీ విచారణకు 90 రోజులు, నివేదిక అందాక దానిమీద చర్యకు 60 రోజులు. ఆ తేదీలు మీ ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి. గడువు దగ్గరపడితే "ఎంతవరకు వచ్చింది" అని అడుగుతూ లెటర్ పెట్టాల్సింది మీరు, ఆమె కాదు.