శాటిలైట్ మ్యాప్‌లో రెడ్ రివర్‌ని చదవడం ఎలా

కెనడాలోని విన్నిపెగ్‌కి కొత్తగా వచ్చినవాళ్లు వంతెన మీద నుంచి రెడ్ రివర్‌ని ఒకసారి చూసి, ఈ బురద నీళ్లలో ఏముందిలే అనుకుంటారు. ఒక సాయంత్రం ఫోన్‌లో శాటిలైట్ మ్యాప్ తెరిచి చూడండి, చాలా ఉంది.

ముందు దిక్కు పట్టుకోండి. మ్యాప్‌లో కింద అమెరికా సరిహద్దు దగ్గర ఎమర్సన్ ఊరు, పైన విన్నిపెగ్ సరస్సు, నీళ్లు పోయేది కింద నుంచి పైకి, అంటే ఉత్తరానికి. వరదలకి అసలు కారణం ఇదే. వసంతంలో మంచు ముందు దక్షిణాన అమెరికా వైపు కరుగుతుంది, ఆ నీళ్లు ఇటు వచ్చేసరికి ఇక్కడ నది ఇంకా గడ్డకట్టే ఉంటుంది, పైగా ఈ నేల ఒకప్పటి అగాసిజ్ అనే మహా సరస్సు అడుగు కాబట్టి బల్లపరుపుగా ఉంటుంది, వాలు దాదాపు లేనట్టే. గట్టు దాటిన నీళ్లకి ఆగే చోటు లేదు. 1997 వరదలో నీరు కొన్నిచోట్ల 40 కిలోమీటర్ల వెడల్పున పరుచుకుంది.

ఇప్పుడు దూరం కొలిచే టూల్‌తో ఎమర్సన్ నుంచి విన్నిపెగ్‌కి ఒక తిన్నని గీత గీయండి, తర్వాత నది వెంట వంపు వంపుకీ నొక్కుకుంటూ రండి. ఓపిక కావాలి, కానీ రెండు అంకెల మధ్య తేడా చూస్తే వాలు లేని నేల మీద నది ఎంతలా మెలికలు తిరుగుతుందో కళ్లకు కడుతుంది.

జూమ్ చేస్తే ఒడ్డున పొలాలు సన్నటి పొడవాటి పట్టీల్లా కనిపిస్తాయి. మెటీ (ఆదివాసీ, యూరోపియన్ మిశ్రమ సంతతి), ఫ్రెంచ్ కుటుంబాలు ఇంటింటికీ నది అందేలా పంచుకున్న భూములవి. దూరంగా ఉన్న చదరపు పొలాలు తర్వాతి సర్వేవి. మోరిస్ లాంటి ఊళ్ల చుట్టూ ఉంగరంలా ఉన్న గీత వరద కట్ట.

చివరగా సెయింట్ నార్బర్ట్ దగ్గర మొదలై నగరాన్ని తూర్పు నుంచి చుట్టి లాక్‌పోర్ట్ దగ్గర మళ్లీ నదిలో కలిసే 47 కిలోమీటర్ల కాలువ వెతకండి. అదే ఫ్లడ్‌వే, వరద నీళ్లని నగరం పక్క నుంచి మళ్లించే కాలువ. 1950 వరద తర్వాత మానిటోబా రాష్ట్ర ప్రీమియర్ (ముఖ్యమంత్రి లాంటి పదవి) డఫ్ రాబ్లిన్ పట్టుబట్టి తవ్వించాడు, 1968కి పూర్తయింది. డబ్బు దండగ అన్నవాళ్లు దానికి ‘డఫ్స్ డిచ్’ (డఫ్ తవ్వించిన గుంత) అని పేరు పెట్టారు. 1997లో నగరాన్ని కాపాడింది అదే, నాకైతే ఈ మ్యాప్ మొత్తంలో దాన్ని చూసినప్పుడల్లా ఒళ్లు జలదరిస్తుంది.

మ్యాప్ అయ్యాక నగరంలోని ఫోర్క్స్‌ అనే చోటికి వెళ్లి, రెడ్ రివర్‌లో అసినిబోయిన్ నది వచ్చి కలిసే చోట నిలబడండి. ఒడ్డున బంకమట్టి జారిపోతుంటుంది, మరీ అంచు దాకా పోకండి.