మిరుగం రాకముందే: కోళ్లున్న వాకిట్లోకి గూస్ బాతులు తెచ్చేముందు జాగ్రత్తలు

ఇంటెనుక పది పన్నెండు నాటుకోళ్లున్న చోటికి గూస్ బాతులు తేవాలనుకుంటే, తొలకరికి ముందే ఏర్పాట్లన్నీ పూర్తి కావాలి. హంసబాతు అన్నా, సీమబాతు అన్నా మన వైపు ఎక్కువగా వీటినే అంటారు. కోడికి పొడి నేల కావాలి, గూస్‌కు పొద్దంతా నీళ్లు కావాలి. ఎండాకాలంలో గూస్‌లు చల్లిన నీళ్లు గంటలో ఆరిపోతాయి కాబట్టి ఈ తేడా బయటపడదు. ముసురు పట్టి నాలుగు రోజులు ఎండ కనపడకపోతే మాత్రం ముందు దెబ్బ తినేవి కోళ్లే. అందుకే రెండూ ఒకే వాకిట్లో తిరగొచ్చు గానీ ఒకే గూట్లో పడుకోకూడదు.

కారణం చెబుతాం. కోళ్లకు రక్తపు పారుడు తెచ్చే కాక్సీడియా అనే కంటికి కనపడని పరాన్నజీవి వాటి రెట్టలోనే ఉంటుంది. పొడి ఊకలో అది అణగి ఉంటుంది. తడి, వెచ్చదనం దొరికితే ఒకటి రెండు రోజుల్లోనే అంటుకునే దశకు వస్తుంది. గూస్‌ల కాక్సీడియా వేరు, అది కోళ్లకు రాదు. కానీ గూస్‌లు ఊకను తడిపి, కోళ్ల సొంత రోగాన్ని లేపుతాయి. గూస్ ఒక్క నోరు దాణా తిని వెంటనే ముక్కు నీళ్లలో ముంచుతుంది, మళ్లీ దాణాకు వస్తుంది. పావుగంటలో నీళ్లు గంజిలా అవుతాయి, తొట్టి చుట్టూ రెండడుగుల మేర బురదవుతుంది. ఆ నీళ్లు మధ్యాహ్నానికి పులుస్తాయి. కోళ్లు అవే తాగుతాయి.

కాబట్టి నీళ్ల తొట్టి గూటికి కనీసం పదిహేను అడుగుల దూరంలో, వాలు కిందివైపు ఉండాలి. దాని కింద నాలుగడుగుల చదరంలో అరడుగు లోతు తవ్వి కంకర నింపి, పైన పలకరాళ్లు పరిస్తే బురద కాదు. పెద్ద గూస్‌కు తల మొత్తం మునిగే లోతు, అంటే ఏడెనిమిది అంగుళాలు చాలు. ముక్కు రంధ్రాలు, కళ్లు కడుక్కోలేకపోతే అవి పుసి కట్టి మూసుకుపోతాయి. ఈత కొలను లేకున్నా నష్టం లేదు. తొట్టిలో ఒక మూలకు రెండు ఇటుకలు మెట్టులా పెట్టండి, లేదంటే కోడిపిల్లలు పడి చచ్చిపోతాయి. తొట్టి రోజూ గుమ్మరించాలి. ఆ నీళ్లు అరటికి, కరివేపాకుకు మంచి బలం. కోళ్లకు మాత్రం వేరే నీళ్ల డబ్బా, గూస్ మెడ సాచినా అందనంత ఎత్తు అరుగు మీద పెట్టండి. కోడి ఎగిరి తాగుతుంది, గూస్ దాన్ని అందుకోలేదు.

గూడు విషయంలో ఎత్తుకే మొదటి లెక్క. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులోనే దాదాపు 65 సెంటీమీటర్ల వాన కురిసింది. అంతటి వానకు ఎవరూ ఏమీ చేయలేరు గానీ, మామూలు పెద్ద వానకు వాకిట్లో నిలిచే నీళ్లకన్నా గూటి నేల ఒకటిన్నర అడుగు పైన ఉండేలా మొరం పోసి దిమ్మిస కొట్టాలి. రెండు గూస్‌లకు ఇరవై చదరపు అడుగులు, పన్నెండు కోళ్లకు ముప్పై చదరపు అడుగులు వేరువేరుగా ఇవ్వండి. గూస్ దండెం మీద కూర్చోలేదు, కిందే పడుకుంటుంది. దాని తలుపు రెండడుగుల వెడల్పుంటేనే తొక్కుకోకుండా పోతాయి. కోళ్ల కంత మాత్రం నేలకు రెండడుగుల పైన పెట్టండి, వెంటపడితే కోడి ఎగిరి లోపల దూరడానికి ఉంటుంది.

కింద నాలుగు అంగుళాల ఊక పరవండి. ముసురు రోజుల్లో పొద్దున్నే పిడికెడు ఊక తీసి గట్టిగా పిసికి వదలండి. పొడిపొడిగా రాలితే పర్వాలేదు, ముద్ద కట్టి నిలిస్తే ఆ రోజే ఎత్తేసి కొత్తది పోయాలి. వరిగడ్డి వేస్తే బూజు వాసన లేనిదే వేయండి. బూజు గడ్డి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరిన పిల్లలు నోరు తెరిచి రొప్పుతాయి, వాటికి మందు పనిచేసే అవకాశం చాలా తక్కువ.

పిల్లల పెంపకంలోనే ఎక్కువమంది నష్టపోతారు, ఎందుకంటే వాటిని కోడిపిల్లల్లాగే చూస్తారు. ఒక్కటి తేవద్దు, కనీసం రెండు తేవాలి. మొదటి వారం 32 డిగ్రీల వెచ్చదనం ఇచ్చి, వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించండి. బల్బు కింద గుంపు కడితే చలి, దూరంగా జరిగి నోరు తెరిస్తే ఎక్కువ వేడి. తల్లి లేని పిల్లల నూగుకు నూనె పట్టి ఉండదు, తడిస్తే నేరుగా చర్మం దాకా నానుతుంది. అందుకే ఈకలు పూర్తిగా వచ్చేదాకా, అంటే ఐదారు వారాలు, వానలోకి వదలకండి. జూన్‌లో పిల్లలు తెస్తే జులై ముసురంతా లోపలే ఉంచాల్సి వస్తుంది. అందుకని మా సలహా, ఈ ఏడాదికి రెండు నెలలు దాటినవే కొనండి.

దాణాలో మూడు తప్పులు జరుగుతాయి. మొదటిది, బ్రాయిలర్ స్టార్టర్ వేయడం. అందులో తరచుగా సాలినోమైసిన్, మదురామైసిన్, మోనెన్సిన్ లాంటి కాక్సీడియా మందు కలిపి ఉంటుంది. గూస్ పిల్ల తన బరువుకు కోడిపిల్లకన్నా చాలా ఎక్కువ తింటుంది, మందూ అలాగే ఎక్కువవుతుంది. సంచి మీది చీటీ చదివి, మందు కలపని దాణా అడగండి. రెండోది, నియాసిన్ అనే బి విటమిన్ తగ్గడం. కోడిపిల్లల దాణాలో ఉండేది గూస్‌కు సగమే. మడమ కీలు ఉబ్బి, కాళ్లు విల్లులా వంగి, నాలుగడుగులు వేసి కూలబడితే అదే కారణం అనుకోవచ్చు. నాలుగు లీటర్ల తాగే నీటిలో 100 నుంచి 150 మిల్లీగ్రాముల నియాసిన్ కలిపి, రోజూ మారుస్తూ పది వారాల వయసు దాకా ఇవ్వండి. మూడోది, ప్రోటీన్ ఎక్కువ పెట్టడం. మొదటి మూడు వారాలు 20 నుంచి 22 శాతం, ఆ తర్వాత 15, 16 శాతానికి దించాలి. దించకపోతే రెక్క చివరి కీలు బయటికి తిరుగుతుంది. కనపడిన రోజే రెక్కను సహజంగా మడిచి మెత్తటి బట్టపట్టీతో మూడు నుంచి ఐదు రోజులు కట్టి, దాణా తగ్గించి గడ్డి పెంచితే సర్దుకుంటుంది, ముదిరితే సర్దుకోదు. గుడ్ల కోళ్ల లేయర్ దాణా పిల్లల మూతికి అందనివ్వకండి, అందులోని సున్నం వాటి కిడ్నీలను చెడగొడుతుంది.

మక్కలు, పల్లిచెక్క తడిచి బూజు పడితే ఏ పక్షికీ పెట్టకూడదు. బూజు విషాన్ని కోడికన్నా బాతు జాతే తట్టుకోలేదు.

పెద్ద గూస్‌కు అసలు తిండి గడ్డే. రెండు మూడు అంగుళాల లేత గడ్డి మంచిది, పొడవాటి పీచుగడ్డి గొంతుసంచిలో ముద్దై అడ్డం పడుతుంది. వానాకాలంలో ఇక్కడే పెద్ద ప్రమాదం ఉంది. నారుమడిలో గుళికలు చల్లుతారు, గట్ల మీద గడ్డిమందు కొడతారు, పత్తి చేలల్లో పురుగుమందు పడుతుంది. గూస్ బురదలో ముక్కు పెట్టి వెతికే పక్షి, ఆ గుళికలు మింగితే బతకడం కష్టం. పక్క పొలం వాళ్లను ముందే అడిగి పెట్టుకోండి, మందు పడిన వైపు కొత్త గడ్డి వచ్చేదాకా తోలకండి.

అంగట్లో కొన్న గూస్‌లను కనీసం 21 రోజులు కోళ్లకు దూరంగా ఉంచాలి. కొక్కెర తెగులు క్రిమి గూస్‌లో ఏ లక్షణమూ చూపకుండా ఉండి కోళ్లకు అంటుకోవచ్చు. అందుకే గూస్‌లు వచ్చే మూడు వారాల ముందే కోళ్లకు టీకా వేయించండి. కోడిపిల్లలకు ఐదు నుంచి ఏడు రోజుల వయసులో లసోటా, ఎనిమిది వారాలు దాటినవాటికి ఆర్‌టూబీ. పశువుల దవాఖానలో అడగండి. వానాకాలం దాటాక వలస పక్షులు దిగే చెరువులకు గూస్‌లను వదలడం మానుకోవాలి, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ ఎంత నష్టం చేసిందో అందరికీ తెలుసు. ఒకేసారి నాలుగైదు పక్షులు చస్తే కోయకండి, వట్టి చేతులతో ముట్టకండి, పశువైద్యుడికి ఫోన్ చేయండి.

కావలి కోసం తెచ్చేవాళ్లకు ఒక్క మాట. గూస్ అరిచి లేపుతుంది, అంతే. వీధికుక్కల గుంపును ఆపలేదు, నాగుపాము కాటేస్తే అదే చస్తుంది. రాత్రి తలుపు గడియ, అరంగుళం కన్నుల వెల్డెడ్ జాలి, ముంగిస తవ్వకుండా అడుగు లోతు పాతిన అంచు తప్పవు.

కలిపేటప్పుడు పది రోజులు జాలికి అటు ఇటు ఉంచి, తర్వాత సాయంత్రం గంటసేపు మీరు దగ్గరుండి వదలండి. మగది మెడ నేలకు సాచి బుసకొడితే బెదిరింపే, కోడి తప్పుకుంటే సరిపోతుంది. కోడి వీపు ఈకలు పట్టి వదలకపోతే మాత్రం విడదీసి మళ్లీ పది రోజులు జాలి అవతల ఉంచాలి. గుడ్లు పెట్టే రోజుల్లో మగది మరీ మొండికేస్తుంది, అప్పుడు పొదిగే చోటి వైపు కోళ్లు పోకుండా మధ్యలో మూడడుగుల జాలి కట్టండి.