హోం థియేటర్ కేబుళ్లు: ఏ దారికి ఏది, ఎంత పొడవు, ఎక్కడ తేడా కొడుతుంది

కేబుళ్లు కొనేముందు ఒక కాగితం మీద ఇంట్లో ఉన్న పెట్టెలన్నీ గీయండి: టీవీ, ఏవీ రిసీవర్ (బొమ్మ, శబ్దం కేబుళ్లన్నీ చేరి స్పీకర్లను నడిపే పెట్టె) లేదా సౌండ్‌బార్, సెట్‌టాప్ బాక్స్, గేమ్ కన్సోల్, స్పీకర్లు, సబ్‌వూఫర్ (బేస్ పలికించే పెద్ద స్పీకర్). ఒక్కోదాని వెనక ఏ సాకెట్లున్నాయో పక్కనే రాసుకోండి. బొమ్మ ఎక్కడినుంచి ఎక్కడికి పోవాలో ఒక రంగుతో, శబ్దం ఎక్కడినుంచి ఎక్కడికి పోవాలో ఇంకో రంగుతో బాణాలు వేసి, ఒక్కో బాణం పొడవు టేపు పెట్టి కొలవండి. గోడ వెంట, మూలలు తిరిగి, పైకీ కిందకీ వెళ్లే దూరమంతా కలపాలి. పెట్టెను ముందుకు లాగి వెనక చెయ్యి పెట్టడానికి వీలుగా రెండు చివరలా చెరో అరమీటరు అదనంగా వేసుకోండి.

ఖర్చు ఎక్కడ పెట్టాలో ఆ కాగితమే చెబుతుంది. టీవీ వెనకుండే మీటరున్నర కేబుల్ పాడైతే మర్నాడు ఇంకోటి తెచ్చుకోవచ్చు. గోడలోకో ఫాల్స్ సీలింగ్ పైకో పోయింది పాడైతే పగలగొట్టడం తప్ప దారి లేదు. అందుకని పొడవాటి వాటికీ, చెయ్యి అందని చోటికి పోయేవాటికీ డబ్బు పెట్టండి. మిగతా చోట్ల మామూలువి చాలు.

హెచ్‌డీఎంఐ

కేబుల్ ప్యాకెట్ మీద 2.0, 2.1 అన్న అంకెలు చూసి కొనకండి. అవి టీవీలు, రిసీవర్ల ప్రమాణాలకు పెట్టిన అంకెలు. కేబుల్ ఎంత మోస్తుందో దాని తరగతి పేరే చెబుతుంది. హై స్పీడ్ అంటే సెకనుకు 10.2 గిగాబిట్లు. ఫుల్ హెచ్‌డీకి, 30 ఫ్రేముల 4కెకి సరిపోతుంది. ప్రీమియం హై స్పీడ్ 18 గిగాబిట్లు మోస్తుంది కాబట్టి 60 ఫ్రేముల 4కె, హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా ఎక్కువగా చూపే బొమ్మ) దాకా నడుస్తాయి. అల్ట్రా హై స్పీడ్ 48 గిగాబిట్లది. 4కెలో 120 ఫ్రేముల గేమ్ ఆడేవాళ్లకు ఇది తప్పనిసరి. ఈ రెండు పై తరగతులకూ ప్యాకెట్ మీద క్యూఆర్ కోడ్ ఉన్న సర్టిఫికేషన్ లేబుల్ ఉండాలి. హెచ్‌డీఎంఐ సంస్థ యాప్‌తో స్కాన్ చేస్తే అసలుదో నకిలీదో తేలిపోతుంది. సినిమాలు, సీరియళ్లు, క్రికెట్ మాత్రమే చూసే ఇంటికి ప్రీమియం హై స్పీడ్ దండి.

ఖరీదైన కేబుల్ వేసినంత మాత్రాన రంగులు బాగుపడవు. ఇది డిజిటల్ సంకేతం; చేరితే పూర్తిగా చేరుతుంది. చేరకపోతే తెర మీద తెల్లటి చుక్కలు మెరుస్తాయి, లేదా రెండు మూడు సెకన్లు తెర నల్లబడి మళ్లీ వస్తుంది. హెచ్‌డీఆర్ సినిమా మొదలవగానే ఇలా జరుగుతుంటే ముందుగా కేబుల్‌నే అనుమానించండి. ప్లేయర్ సెట్టింగుల్లో రిజల్యూషన్‌ను 1080పీకి దించి చూడండి. గొడవ ఆగిపోతే ఆ కేబుల్ పై వేగాన్ని మోయలేకపోతోందని అర్థం.

రాగి హెచ్‌డీఎంఐ 18 గిగాబిట్ల దగ్గర సుమారు 5 మీటర్ల వరకు, 48 దగ్గర సుమారు 3 మీటర్ల వరకు నమ్మకంగా పనిచేస్తుంది. ప్రొజెక్టర్‌కి 10 మీటర్లు లాగాలంటే సంకేతాన్ని కాంతిగా మార్చి పంపే యాక్టివ్ ఆప్టికల్ హెచ్‌డీఎంఐ తీసుకోండి. దీనికి దిశ ఉంటుంది. ఒక తల మీద సోర్స్ అని, రెండో తల మీద డిస్‌ప్లే అని రాసి ఉంటుంది. తిరగేస్తే బొమ్మ రాదు. పైపులో లాగేసాక ఈ సంగతి తెలిస్తే మొత్తం వెనక్కి లాగాల్సిందే. టీవీ నుంచి శబ్దం కూడా ఇదే కేబుల్ మీద వెనక్కి రావాలంటే, ప్యాకెట్ మీద ఈఆర్క్ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ మీదే వెనక్కి పంపే ఆర్క్ పద్ధతికి కొత్త రూపం) అని స్పష్టంగా ఉందో లేదో చూసుకోండి.

కేబుల్ బాగున్నా 4కె హెచ్‌డీఆర్ రాకపోతే టీవీ సెట్టింగు కారణం కావచ్చు. చాలా టీవీల్లో సాకెట్లు మొదట తక్కువ వేగంలోనే ఉంటాయి. శామ్‌సంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్, ఎల్‌జీలో హెచ్‌డీఎంఐ డీప్ కలర్, సోనీలో హెచ్‌డీఎంఐ సిగ్నల్ ఫార్మాట్ అన్న చోట ఏ సాకెట్‌కి ఆ సాకెట్ మార్చాలి. రిసీవర్ పాతదై హెచ్‌డీసీపీ 2.2 (బొమ్మను కాపీ చేయకుండా కాపాడే తాళం) లేకపోతే 4కె బొమ్మ దాని గుండా పోదు. అప్పుడు ప్లేయర్‌ని నేరుగా టీవీకి పెట్టి, శబ్దం మాత్రం రిసీవర్‌కి తెచ్చుకోవాలి.

టీవీ శబ్దం వెనక్కి రావాలంటే

రిసీవర్ హెచ్‌డీఎంఐ అవుట్ నుంచి వచ్చే కేబుల్ టీవీలో ఆర్క్ లేదా ఈఆర్క్ అని రాసి ఉన్న సాకెట్‌లోకే వెళ్లాలి. పక్కదాంట్లో పెట్టినా బొమ్మ వస్తుంది కాబట్టి అంతా సరిగ్గా ఉందనుకుంటాం. టీవీలోని యాప్‌ల శబ్దం మాత్రం స్పీకర్లకు రాదు. ఆర్క్ పనిచేయాలంటే సీఈసీ (హెచ్‌డీఎంఐతో కలిపిన పెట్టెలు ఒకదాన్నొకటి నడిపే ఏర్పాటు) కూడా ఆన్‌లో ఉండాలి. దీన్ని శామ్‌సంగ్ ఎనీనెట్ ప్లస్ అనీ, ఎల్‌జీ సింప్‌లింక్ అనీ, సోనీ బ్రావియా సింక్ అనీ పిలుస్తాయి. తర్వాత టీవీ డిజిటల్ ఆడియో అవుట్‌పుట్‌ను ఆటో లేదా పాస్‌త్రూలో (శబ్దాన్ని మార్చకుండా ఉన్నదున్నట్టు పంపే సెట్టింగు) పెట్టండి. మామూలు ఆర్క్ మీద పీసీఎంలో (కుదించని డిజిటల్ శబ్దం) వదిలేస్తే రెండే చానళ్లు వస్తాయి, వెనక స్పీకర్లకు అసలు సౌండ్ అందదు.

అట్మాస్ (పైనుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ పద్ధతి) వినాలంటే ఈఆర్క్ ఉండి తీరాలన్న మాట సగమే నిజం. స్ట్రీమింగ్ యాప్‌ల అట్మాస్ సాధారణంగా డాల్బీ డిజిటల్ ప్లస్ రూపంలో వస్తుంది. టీవీ, రిసీవర్ రెండూ ఒప్పుకుంటే అది మామూలు ఆర్క్ మీదే ప్రయాణిస్తుంది. బ్లూరే డిస్కుల్లోని ట్రూహెచ్‌డీ, డీటీఎస్ హెచ్‌డీ మాస్టర్ ఆడియో మాత్రం ఆర్క్‌లో పట్టవు. వాటికి ఈఆర్క్ కావాలి, లేదా ప్లేయర్‌ని నేరుగా రిసీవర్‌కి కలపాలి. రెండోదే మేలు.

గేమ్ కన్సోల్ ఉన్నవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. చాలా టీవీల్లో 120 ఫ్రేముల సాకెట్లు రెండే ఉంటాయి, అందులో ఒకటి ఈఆర్క్‌ది. సౌండ్‌బార్ దాన్ని తీసుకుంటే మిగిలేది ఒకటే. రెండు కన్సోళ్లుంటే టీవీ కొనేటప్పుడే ఈ లెక్క వేసుకోండి.

ఆప్టికల్, ఆక్స్

ఆప్టికల్ కేబుల్ మీద స్టీరియో పీసీఎం గానీ, డాల్బీ డిజిటల్, డీటీఎస్ 5.1 (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) గానీ వెళ్తాయి. అంతకు మించి వెళ్లవు. ఆర్క్ లేని పాత రిసీవర్‌కి ఇదే మంచి దారి. చివర్లకుండే చిన్న ప్లాస్టిక్ టోపీలు తీసి పెట్టండి, కేబుల్‌ని మడత పడేలా వంచకండి. టీవీ వైపు పెట్టాక రెండో చివర ఎర్రటి వెలుగు కనిపిస్తే కేబుల్ బాగున్నట్టే.

ఆక్స్ (మామూలు అనలాగ్ ఇన్‌పుట్), బ్లూటూత్ మాత్రమే ఉన్న 4.1, 5.1 సెట్లకు టీవీ నుంచి వెళ్లేది స్టీరియోనే. టీవీకి హెడ్‌ఫోన్ రంధ్రం లేకపోతే ఆప్టికల్‌ని ఎరుపు, తెలుపు ఆర్‌సీఏగా (గుండ్రటి పిన్నులు) మార్చే చిన్న కన్వర్టర్ కావాలి. వీటిలో చాలావాటికి పీసీఎం తప్ప ఇంకేదీ అర్థం కాదు. శబ్దం రాకపోయినా, బరబర మన్నా టీవీ ఆడియోను పీసీఎంకి మార్చండి.

స్పీకర్ వైరు

అసలు తేడా ఇక్కడే పడుతుంది, చాలామంది పట్టించుకోనిదీ ఇదే. వైరు నిరోధం స్పీకర్ ఇంపీడెన్స్‌లో (స్పీకర్ మీద ఓముల్లో రాసి ఉండే అంకె) 5 శాతం దాటకుండా చూసుకోవాలి. ఆ లెక్కన 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు 8 ఓమ్ స్పీకర్‌కి 15 మీటర్ల దాకా, 6 ఓమ్‌కి 11 దాకా, 4 ఓమ్‌కి 7 దాకా సరిపోతుంది. 2.5 స్క్వేర్ ఎంఎం అయితే అవే దూరాలు 25, 18, 12 మీటర్లు. 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవున్న హాల్లో రిసీవర్ టీవీ కిందుంటే, వెనక స్పీకర్‌కి గోడ అడుగునుంచి వెళ్లే వైరు సుమారు 9 మీటర్లు పడుతుంది. తలుపు అడ్డొచ్చి సీలింగ్ మీదుగా తిప్పితే 12 దగ్గరకొస్తుంది. 6 ఓమ్ స్పీకర్లయితే మొదటి దారికి 1.5 చాలు, రెండో దారికి 2.5 వేయాలి.

రాగి పూత పూసిన అల్యూమినియం వైరు, అంటే సీసీఏ, చూడటానికి అచ్చం రాగిలాగే ఉంటుంది. నిరోధం మాత్రం సుమారు ఒకటిన్నర రెట్లు. 2.5 సీసీఏ కొంటే 1.5 రాగి కొన్నట్టే. పైగా పదేపదే వంచితే పోగులు తెగుతాయి. ఒక పోగుని బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా ఉంటే సీసీఏ, ఎర్రగా ఉంటే రాగి. చుట్ట తేలిగ్గా ఉన్నా అనుమానించాల్సిందే.

స్పీకర్ వైరు పేరుతో అమ్మే ఖరీదైన రకాలు దొరక్కపోతే దిగులు పడనక్కర్లేదు. ఐఎస్ 694 గుర్తున్న మల్టీస్ట్రాండ్ రాగి హౌస్ వైరు రెండు రంగుల్లో తెచ్చి మెలితిప్పి వాడుకోవచ్చు. అయితే రేపు ఎవరో ఎలక్ట్రీషియన్ దాన్ని కరెంటు వైరనుకునే ప్రమాదం ఉంది. ఇంట్లో కరెంటుకు వాడని రంగులు తీసుకుని, రెండు చివరలా స్పీకర్ అని లేబుల్ అంటించండి.

చివర 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఒలిచి, పోగులన్నీ గట్టిగా మెలితిప్పండి. ఒక్క పోగు పక్క టెర్మినల్‌కి తగిలినా రిసీవర్ ప్రొటెక్షన్‌లోకి పోయి ఆగిపోతుంది. ఆంప్లిఫయర్ కాలిపోనూ వచ్చు. వైరు చివర బిగించే బనానా ప్లగ్గులు పెడితే ఈ బెడద చాలావరకు తప్పుతుంది. ప్లస్ ప్లస్‌కి, మైనస్ మైనస్‌కి వెళ్లాలి. ఒక స్పీకర్ తిరగబడితే పగిలిపోయేదేమీ లేదు గానీ, బేస్ పలచబడి, మధ్యనుంచి రావాల్సిన గొంతు ఎటునుంచి వస్తోందో తెలియకుండా పోతుంది. గుర్తులు చెరిగిపోయిన వైరుకి 1.5 వోల్టుల సెల్‌ని క్షణంపాటు తాకించండి. వూఫర్ కోన్ బయటికి కదిలితే సెల్ ప్లస్ తగిలిన తీగే ప్లస్.

సబ్‌వూఫర్, గుయ్‌మనే రొద

రిసీవర్ సబ్ అవుట్ నుంచి సబ్‌వూఫర్ ఎల్‌ఎఫ్‌ఈ (బేస్ చానల్) ఇన్‌పుట్‌కి ఒక్క షీల్డెడ్ ఆర్‌సీఏ కేబుల్ చాలు. సబ్ మీద క్రాసోవర్ నాబ్ (ఏ హెర్ట్జ్ కింది శబ్దం సబ్‌కి పోవాలో చెప్పేది) ఉంటే ఎక్కువ వైపు చివరిదాకా తిప్పేయండి. ఆ పని రిసీవర్ చూసుకుంటుంది; రిసీవర్‌లో 80 హెర్ట్జ్‌తో మొదలుపెట్టండి.

సినిమా ఆపినా సబ్ నుంచి గుయ్‌మని రొద వస్తుంటే అది సాధారణంగా ఎర్త్ గొడవ. సబ్ ఒక ప్లగ్గులోంచి, కేబుల్ టీవీ వైరు వీధిలో ఎక్కడో ఇంకోచోట ఎర్త్ అవుతాయి. రెంటి మధ్య తేడా వోల్టేజీ 50 హెర్ట్జ్ రొదగా వినిపిస్తుంది. సబ్‌నీ రిసీవర్‌నీ ఒకే బోర్డు నుంచి ఇవ్వండి. అయినా తగ్గకపోతే సెట్‌టాప్ బాక్స్ వెనక కేబుల్ వైరు మర విప్పి చూడండి. రొద ఆగితే ఆ వైరుకి గ్రౌండ్ ఐసొలేటర్ పెట్టాలి. డిష్ కనెక్షన్‌కి మామూలు ఐసొలేటర్ పనికిరాదు. బాక్స్ అదే వైరు మీద ఎల్‌ఎన్‌బీకి (డిష్ ముందు సంకేతం పట్టే భాగం) 13 లేదా 18 వోల్టులు పంపుతుంది, ఐసొలేటర్ దాన్ని ఆపేస్తుంది. అక్కడ డిష్ ఎర్తింగ్ ఇంటి ఎర్త్‌తో కలిసిందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. ఏ పరిస్థితిలోనూ ఎర్త్ పిన్ను విరిచేయకండి, అది ప్రాణాల మీదికి వస్తుంది.

గోడలో వేసేటప్పుడు

హెచ్‌డీఎంఐ తల 25 ఎంఎం పైపులో వంపు దగ్గర ఇరుక్కుంటుంది. 40 ఎంఎం పైపు, ఎల్బోలకు బదులు పొడవు బెండులు వేయించండి. పైపులో ఒక నైలాన్ తాడు వదిలేస్తే రేపు కొత్త కేబుల్ లాగడం తేలిక. కరెంటు వైర్లున్న పైపులో వీటిని ఎప్పుడూ వేయకూడదు. పక్కపక్కనే పోవాలంటే మధ్యలో అడుగు దూరం, దాటాల్సి వస్తే అడ్డంగా తొంభై డిగ్రీల్లో దాటించండి.

ప్లాస్టరింగ్‌కి ముందే ప్రతి కేబుల్‌నీ పరీక్షించండి. హెచ్‌డీఎంఐ మీద 4కె హెచ్‌డీఆర్ వీడియో ఒకటి అరగంట ఆడించండి. స్పీకర్ వైరుని రిసీవర్ నుంచి విడదీసి, అవతలి చివర 8 ఓమ్ స్పీకర్ తగిలించి మల్టీమీటర్ పెడితే సుమారు 6 ఓమ్‌లు చూపాలి. సున్నా దగ్గర చూపితే ఎక్కడో రెండు తీగలూ కలిశాయి. ఏమీ చూపకపోతే మధ్యలో తెగింది. గోడ మూయకముందే ఆ వైరు మార్చేయండి.