వరదొస్తే పది డిపార్ట్‌మెంట్లను ఒక దారికి తెచ్చేది ఎట్లా: కంట్రోల్ రూమ్‌లో కూర్చునేటోళ్ల కోసం

నేను కర్నూలు జిల్లాలో రెవెన్యూలో పనిచేసినా, వానల టైంలో కంట్రోల్ రూమ్ డ్యూటీలు చానా చేసినా. ఇప్పుడు సచివాలయాల్లో, తహసీల్దార్ ఆఫీసుల్లో కొత్తగా చేరిన తమ్ముళ్లు చెల్లెళ్లు నీళ్లొస్తే ఫస్ట్ ఏం చేయాల సార్ అని అడుగుతా ఉంటారు, ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేదాని కంటే ఒకసారి కూర్చుని రాద్దామనిపించింది.

ఒక మాట ముందే చెప్తా. పోలీసోళ్లకి వాళ్ల పని వచ్చు, కరెంటోళ్లకి వాళ్ల పని వచ్చు, ఫైరోళ్లకి, డాక్టర్లకి అందరికీ వాళ్ల వాళ్ల పని బాగానే వచ్చు. తెలియనిదల్లా పక్క డిపార్ట్‌మెంటు ఈ నిమిషంలో ఏం చేస్తా ఉందో అనేది. నేను చూసినంతలో నష్టం జరిగిందంటే చానావరకు ఆ సందులోనే జరిగింది. కాబట్టి కంట్రోల్ రూమ్‌లో ఉండేటోళ్ల పని ఆర్డర్లు వేయడం కంటే ఎక్కువగా ఆ సందు మూయడమే.

ఫస్ట్ తేలాల్సింది నిర్ణయం ఎవరిది అని. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ అథారిటీకి కలెక్టరే చైర్‌పర్సన్, ఎస్పీ, జిల్లా వైద్యాధికారి అందులో మెంబర్లు. బోట్లు, లారీలు, బిల్డింగులు అవసరమైతే స్వాధీనం చేసుకునే పవర్ కూడా ఆ చట్టంలో ఉంది, సెక్షన్ 65 చూసుకోండి. జిల్లా లెవెల్లో ఇది అందరికీ తెలిసిందే గానీ చిక్కంతా మండలం దగ్గర, వంక దగ్గర వస్తాది. రోడ్డు మీద నీళ్లు పారుతా ఉంటే బస్సు ఆపేది సీఐనా, తహసీల్దారా, ఆర్ అండ్ బీ (రోడ్లు భవనాల శాఖ) ఏఈనా, అంటే అసిస్టెంట్ ఇంజనీరా? ఇది జూన్ నెల్లోనే కూర్చుని పేపర్ మీద రాసుకోవాల, ఫలానా కాజ్‌వే (వంక మీద రోడ్డు) దగ్గర ఫలానా రాయి మునిగితే పోలీసోళ్లు ఎవర్నీ అడక్కుండా తాడు కట్టేయొచ్చు అని. పర్మిషన్ కోసం ఫోన్ చేసే ఆ పది నిమిషాల్లోనే ఎవరో ఒకరు ఏం కాదులే అని ఆటో దింపుతారు. 2010లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఇచ్చిన ఇన్సిడెంట్ రెస్పాన్స్ సిస్టమ్ గైడ్‌లైన్స్‌లో కూడా ఇదే ఉంటాది, ఒక మనిషికి ఒకే బాసు, ఒక బాసు కింద అయిదు మంది అయితే మంచిది. ఈ పద్ధతికి మూలం 1970లలో అమెరికాలో కాలిఫోర్నియా అడవి మంటల కాలంలో ఉంది, అక్కడ కూడా ఎవరి రేడియోలు వాళ్లవి, ఎవరి మాటలు వాళ్లవి అయ్యి అవస్థ పడే నేర్చుకున్నారు.

ఇంగ అసలు విషయం, నేను అన్నిటికంటే ఎక్కువ పట్టుబట్టేది ఇదే. పైనుంచి మనకు నంబర్ వస్తాది, తుంగభద్ర మీదున్న సుంకేసుల బ్యారేజీ నుంచి ఇన్ని లక్షల క్యూసెక్కులు వదిలినారని. ఇరిగేషన్ వాళ్లకు ఆ నంబర్ చూస్తే అంతా అర్థమయిపోతాది, లైన్‌మన్‌కి ఏమర్థం అవుతాది, ఏఎన్ఎంకి ఏమర్థం అవుతాది? ఒక క్యూసెక్కు అంటే సెకనుకు 28 లీటర్ల పైచిలుకు, లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 8.64 టీఎంసీలు, ఇవన్నీ లెక్కలు. కింద పనిచేసేటోళ్లకి కావాల్సింది ఏ వీధి, ఎన్ని గంటలకు, ఎంత లోతు అనేదే. కాబట్టి కంట్రోల్ రూమ్‌లో ఇరిగేషన్ ఏఈ ఒకాయన్ని ఖచ్చితంగా కూర్చోబెట్టుకోండి, నంబర్ వచ్చిన వెంటనే ఆయన పక్కన కూర్చుని దాన్ని ఊరి పేర్లలోకి మార్చండి. "రెండు గంటలకి ఫలానా కాలనీ చివరి లైన్లో మోకాలి లోతు" అని చెప్తే కరెంటాయన ఏ ట్రాన్స్‌ఫార్మర్ ఆపాలో చెప్తాడు, ఏఎన్ఎం ఏ ఇంట్లో నిండు గర్భిణి ఉందో చెప్తుంది, పోలీసాయన ఏ మలుపులో బారికేడ్ పెట్టాలో చెప్తాడు. అంతకుముందు వచ్చిన వరదల్లో నీళ్లు యాడిదాకా వచ్చినాయో గోడల మీద మరకలు చూపించే ముసలోళ్లు ప్రతి ఊర్లో ఉంటారు, ఎండాకాలంలోనే పోయి వాళ్లను అడిగి మ్యాప్ మీద గీత గీసుకోండి.

2009 అక్టోబర్ 2 గుర్తున్నోళ్లకి ఇది విడమర్చి చెప్పాల్సిన పని లేదు. తుంగభద్ర, హంద్రీ, కింద శ్రీశైలం వెనక జలాలు అన్నీ ఒకేసారి. శ్రీశైలానికి డిజైన్ చేసిన దానికంటే చానా ఎక్కువగా 25 లక్షల క్యూసెక్కుల దాకా వచ్చినాయి, కర్నూలు పాతబస్తీ మునిగింది, మంత్రాలయం మునిగింది. ఆ రోజు నుంచి నేను ఒక్క నది నంబర్ చూసి ఎప్పుడూ నిర్ణయం చెప్పలా. తుంగభద్ర నంబర్, హంద్రీ మీద గాజులదిన్నె ప్రాజెక్టు నంబర్, శ్రీశైలం మట్టం, మూడూ బోర్డు మీద పక్కపక్కనే రాయండి.

పైనున్న వాళ్లతో కూడా ముందే పరిచయం ఉండాల. తుంగభద్ర డ్యామ్ కర్ణాటకలో ఉంది, దాన్ని చూసేది తుంగభద్ర బోర్డు, మన దగ్గర నదికి అవతల గట్టు తెలంగాణ. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు చైన్ తెగి గేటు కొట్టుకుపోయింది కదా, అది రాత్రి పూట జరిగింది. ఇట్లాంటి కబురు అర్ధరాత్రి వస్తే ఎత్తే ఫోన్ నంబర్ మీ దగ్గర ఉందా, అవతల ఆలంపూర్ వైపు కంట్రోల్ రూమ్ నంబర్ ఉందా చూసుకోండి. నంబర్ పేరు మీద కాకుండా సీటు మీద రాసుకోండి, మనుషులు ట్రాన్స్‌ఫర్ అయిపోతా ఉంటారు.

కడపలో 2021 నవంబర్ 19 తెల్లవారుజామున జరిగింది ఇంకా ఘోరం. పైన పింఛా ప్రాజెక్టు కట్ట తెగింది, ఆ నీళ్లు వచ్చి అన్నమయ్య ప్రాజెక్ట్ మీద పడినాయి, అయిదు గేట్లలో ఒకటి పనిచేయట్లా, కట్ట తెగింది, చెయ్యేరు పక్కన పులపత్తూరు, మందపల్లి లాంటి ఊర్లు కొట్టుకుపోయినాయి. దీన్నుంచి నేను తీసుకున్నది ఏమంటే, చెరువైనా ప్రాజెక్టైనా పై కట్టకి గండి పడితే కింద కట్ట వాళ్లకి మొదటి ఫోన్, ఊర్లకి రెండో ఫోన్, రెండూ ఒకే నిమిషంలో ఇద్దరు వేరే వేరే మనుషులు చేయాల. ఒకాయన మీదే పెడితే ఆయన మొదటి ఫోన్లోనే ఇరుక్కుంటాడు. అనంతపురం వైపు చెరువులు గొలుసు మాదిరి ఒకదాని మరవ (అలుగు) పారితే ఇంకోదానికి నీళ్లు పోతాయి కాబట్టి అక్కడోళ్లు ఈ గొలుసుని కాగితం మీద పై నుంచి కింది దాకా గీసుకోవాల.

తర్వాత లాగ్ బుక్. వాట్సాప్ గ్రూప్ పెట్టుకోండి కాదనను, గానీ గంటలో మూడొందల మెసేజ్‌లు, ఫోటోలు, గుడ్ మార్నింగ్‌లు పడి అసలు కబురు పైకి పోతాది, పైగా కరెంటు పోయి టవర్ పడిపోతే గ్రూపే లేదు. అందుకే వైర్‌లెస్ సెట్ ఉన్న కానిస్టేబుల్ ఒకాయన్ని అడిగి రూమ్‌లో పెట్టుకోండి. టేబుల్ మీద ఒకే ఒక్క లావు రిజిస్టర్, నాలుగు గడులు: టైము, ఎవరు చెప్పినారు, ఎవరికి చెప్పినాం, పని అయిందా లేదా. నాలుగో గడి ఖాళీగా ఉన్నవి అరగంటకొకసారి చూసి మళ్లీ ఫోన్ చేయడానికే ఒక మనిషి. ఫోన్లో చెప్పినాక అవతలాయనతో తిరిగి చెప్పించుకోండి, ఒకే పేరున్న ఊర్లు, కొత్తకాలనీలు ప్రతి మండలంలో రెండు మూడు ఉంటాయి. ఒక ఏడాది మేము పనిచేసినచోట ఒకే కాలనీకి రెండు డిపార్ట్‌మెంట్లు రెండు బోట్లు పంపినాయి, అవతల బీసీ కాలనీ వాళ్లు మిద్దెల మీద చీకట్లో కూర్చుని ఎదురుచూసినారు. అక్కడికి బోటు పోలేదని మాకు తెలిసేసరికి తెల్లారిపోయింది. ప్రాణాలు పోలేదు గానీ ఆ ఆడోళ్లు మమ్మల్ని అడిగిన మాటలకి నా దగ్గర జవాబు లేకపోయింది. రిజిస్టర్ గురించి నేను ఇంత చాదస్తంగా ఉండేది అందుకే.

కరెంటు గురించి. నీళ్లలో తీగ పడితే బోటోళ్ల ప్రాణాలు పోతాయి, కాబట్టి బోటు దింపేముందు ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే ఆ లైన్లో కరెంటు ఆపినట్టు ఖాయం) తీసుకున్నారా అని అడగండి, సబ్‌స్టేషన్ నుంచి అవునని వచ్చాకే దింపండి. కానీ ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే కరెంటు లైను) మొత్తం ఆపేస్తే అదే ఫీడర్ మీద ఆసుపత్రి, మంచినీళ్ల మోటార్లు, పునరావాస కేంద్రం ఉండొచ్చు. ఏ ఫీడర్ మీద ఏముందో లిస్ట్ కరెంటు ఏఈ దగ్గర ఉంటాది, ముందే తెప్పించుకుని జనరేటర్ యాడ పెట్టాలో తేల్చుకోండి, డీజిల్ ఎవరు పోస్తారో కూడా.

జనాన్ని కదిలించడం దగ్గర పోలీసు బలం కంటే పశువుల డాక్టర్ ఎక్కువ పనికొస్తాడు, ఇది నా అనుభవం. ఎనుములు, మేకలు వదిలి రామంటారు, వాళ్లది తప్పేం లేదు, వాళ్ల బతుకే అది. కాబట్టి మిట్ట మీద పశువులకు చోటు, గడ్డి చూసినామని చెప్తే సగం ఇండ్లు కదుల్తాయి. చాటింపు వేయించండి, గుడి మైకు, మసీదు మైకు రెండూ వాడండి. నెలలు నిండిన గర్భిణులు, డయాలసిస్ పేషెంట్ల లిస్ట్ ఏఎన్ఎం, ఆశాల దగ్గర ఉంటాది, వాళ్లను నీళ్లు రాకముందే 108లో తరలించండి. కేంద్రం అంటే స్కూలే కదా, స్కూలు తాళం ఎవరి దగ్గర ఉందో కనుక్కోండి, ఒకసారి వంద మందిని వానలో నిలబెట్టి తాళం పగలగొట్టినాం.

ఎన్డీఆర్ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) కావాలంటే లేట్ చేయొద్దు. మన రాష్ట్రంలో ఉండే 10వ బెటాలియన్ విజయవాడ దగ్గర కొండపావులూరులో ఉంది, అక్కడ్నుంచి మన సీమకి రోడ్డు మీద రావాలంటే గంటలు పడ్తాది. రిక్వెస్ట్ కలెక్టర్ నుంచి రాష్ట్ర స్థాయికి పోవాల. వాళ్లు వచ్చేలోపు మన గజఈతగాళ్లు, పుట్టి తోలే మత్స్యకారులే దిక్కు, వాళ్ల లిస్ట్ మత్స్యశాఖ నుంచి తీసుకోండి, లైఫ్ జాకెట్లు ముందే ఇవ్వండి. ఎన్డీఆర్ఎఫ్ టీం దిగినాక వాళ్లకి కావాల్సింది సన్మానం కాదు, సందులు తెలిసిన ఒక లోకల్ మనిషి, బోటు దింపే చోటు, పెట్రోలు, పడుకునేదానికి ఆరిన గది.

ఇదే పద్ధతి రోడ్డు ప్రమాదాలకూ పనికొస్తాది. 2025 అక్టోబర్ 24న కర్నూలు పక్కన చిన్నటేకూరు దగ్గర హైవే మీద బస్సు తగలబడినప్పుడు పోలీసు, ఫైర్, ఆసుపత్రి, ట్రాన్స్‌పోర్టు, డీఎన్ఏ పరీక్షలు చేసేటోళ్లు, వేరే రాష్ట్రాల నుంచి వచ్చే బంధువులు, ఇన్ని ఉన్నాయి. అట్లాంటప్పుడు బంధువులతో మాట్లాడేదానికి ఒకే నంబర్, ఒకే టేబుల్ పెట్టండి, కన్ఫర్మ్ కాని పేరు ఎవరూ నోటితో చెప్పొద్దు.

నీళ్లు దిగినాక కూడా రూమ్ మూసేయొద్దు. ఎవరిని యాడికి పంపినామో వాళ్లంతా తిరిగొచ్చినారా అని రిజిస్టర్ చూసి ఒక్కొక్కరికి ఫోన్ చేయండి, లైన్‌మన్‌కి, పుట్టి తోలినాయనకి, డ్రైవర్‌కి. క్లోరినేషన్, పాముకాటుకి మందు, బావులు, అవి ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ మంచినీళ్ల శాఖ), హెల్త్ వాళ్లు చూసుకుంటారు. మీరు మాత్రం పుట్టి వాళ్ల కూలి బిల్లు ఆ వారంలోనే పెట్టించండి, లేదంటే వచ్చే ఏడాది పిలిస్తే రారు.